మమాసోలి పోసే టీ

మర్గిలాన్ ఊళ్ళో కాలవ పక్కనున్న చాయ్‌ఖానాలో టీ తాగి, అందరూ చూస్తుండగా ముందు పరిచిన దస్తర్‌ఖాన్ గుడ్డ మీద నోటు పడేసి లేచిపోయేవాణ్ణి చూస్తే మమాసోలికి ఒళ్ళు మండేది. చాయ్ డబ్బులు ఇవ్వొద్దని కాదు. అవి ఎవరికి చేదు? ఇచ్చేదానికి ఒక పద్ధతుంటుంది కదా అని ఆయన బాధ. నోటు మడిచి, టీ కూజా కింద ఉన్న పళ్ళెం అంచు కిందికి నెట్టాలి. ఇచ్చినవాడు ఇచ్చినట్టు కనబడకూడదు, పుచ్చుకున్నవాడు పుచ్చుకున్నట్టు కనబడకూడదు. లేచేటప్పుడు కుడిచెయ్యి గుండెకి ఆనించి, "నీ చేతికి నొప్పి రాకూడదయ్యా" అనాలి. ఆ మాట లేకుండా నోటొక్కటే పెట్టిపోతే అది అద్దెకి తెచ్చుకున్న గాడిదకి గడ్డి వేసినట్టని ఆయన లెక్క. నోటు లేకుండా మాటొక్కటే అని పోయినవాణ్ణి మాత్రం ఆయన ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. పైగా రెండోసారి వస్తే వాడికే ముందు టీ వచ్చేది.

పక్క వీధుల్లో చాయ్‌ఖానాలు లేకపోలేదు. అక్కడ కూజా తెచ్చి పెట్టేసి పోతారు, ఎవరిది వాళ్ళు పోసుకోవాలి. మమాసోలి అలా కాదు. జనం కూర్చునే చెక్క మంచాల మధ్య తిరుగుతూ, కొత్తగా వచ్చినవాళ్ళకీ, పెద్ద పని మీద కూర్చున్నవాళ్ళకీ తనే వంగి పోసేవాడు. పిడిలేని పియాలా కప్పులో టీ పోసి మళ్ళీ కూజాలోకే తిప్పేవాడు, అలా మూడుసార్లు. ఆ తర్వాత అడుగున కొంచెం, సగానికి తక్కువ. రెండే రెండు గుక్కలు. గౌరవం ఉన్నచోట పియాలా ఎప్పుడూ సగానికి మించదు. తాగడం అవగానే మళ్ళీ వచ్చి పోస్తాను, నువ్వు ఇంకా కూర్చో, నీ మాట నాకు ఇష్టం అని దాని అర్థం. అంచుదాకా నింపితే, ఇక తాగి బయల్దేరు అని. మర్గిలాన్‌లో మాటలు రాని పిల్లలకి కూడా తెలిసిన సంగతి ఇది.

మమాసోలి గడ్డం మొలవకముందే ఈ చాయ్‌ఖానాలో పియాలాలు కడగడానికి చేరాడు. ఆయనకి పని నేర్పిన ముసలాయన మహా కోపిష్టి. ఒక చుక్క ఎక్కువైతే గరిటె తిరగేసి వేళ్ళ మీద కొట్టేవాడట. "టీ పొయ్యడం రాదురా నీకు, నీళ్ళు పొయ్యడం వచ్చు, పోయి తోటలో పొయ్యి!" అని తిట్టేవాడట. ఆ తిట్లు చెబుతూ మమాసోలి పడిపడి నవ్వేవాడు. ఆ ముసలాయన పోయాక కూజా మమాసోలి చేతికొచ్చింది. అప్పటినుంచీ పెళ్ళి మాటలు, పొలం తగాదాలు, అన్నదమ్ముల రాజీలు అన్నీ ఆ కూజా ముందే జరిగాయి. ఎవరికి ఎప్పుడు పొయ్యాలో ఆయనకి తెలిసేది. ఇద్దరు మాట తెగేదాకా లాగుతుంటే సరిగ్గా అప్పుడే మధ్యలోకి వంగి, "ఆగండాగండి, టీ చల్లారిపోతోంది" అనేవాడు. ఆ రెండు గుక్కల్లో సగం కోపం దిగిపోయేది.

అలాంటి మనిషికి కళ్ళు పోవడం మొదలైంది.

ముందు పక్కల చూపు పోయింది. తర్వాత సాయంత్రమైతే అన్నీ పొగలో ఉన్నట్టు కనబడేవి. ఫెర్గానాలో డాక్టరు చూసి, కంటి వెనక నరం ఎండిపోతోంది, చుక్కల మందుతో ఉన్న చూపు నిలబెట్టుకోవడమే గాని పోయింది తిరిగి రాదని చెప్పేశాడు. మమాసోలి ఆ మాట భార్య ఓయ్‌నిసాకి తప్ప ఎవరికీ చెప్పలేదు. చెబితే కూజా తీసేసుకుంటారు. వేడి నీళ్ళతో పని, గుడ్డివాడి చేతికి ఎవరిస్తారు? కూజా పోతే పెన్షన్‌తో బతకొచ్చు, తిండికి లోటుండదు. కానీ పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్ళాలి? తను ఎవరికి కావాలి?

అందుకని, ఉన్న చూపూ మసకబారుతుంటే, చెవులతో పొయ్యడం నేర్చుకున్నాడు. ఖాళీ పియాలాలో టీ పడితే బొంగురుగా మోగుతుంది. నిండేకొద్దీ గొంతు సన్నబడుతుంది. ఆ సన్నబడబోయే ముందే చెయ్యి ఎత్తెయ్యాలి. మంచాల మధ్య దారి కాళ్ళకే తెలుసు, మనుషులు గొంతుల్ని బట్టి తెలుసు. రెండేళ్ళు ఒక్కరికీ అనుమానం రాలేదు. మంగలి గఫూర్‌కి కూడా రాలేదంటే చూసుకోండి. గఫూర్ నోట్లో నువ్వుగింజ నానదు. ఊళ్ళో ఎవరింట్లో దగ్గినా ఆయన కత్తెర చప్పుడుతో పాటు బజారంతా వినిపిస్తుంది.

ఇంతలో యజమాని ఓదిల్‌కి బుద్ధి పుట్టింది. కుర్రకారు రావడం లేదని గోడంత టీవీ కొని తగిలించాడు. ఫుట్‌బాల్ ఉన్న రోజు దాని గోల కాలవ అవతలికి వినబడేది.

"ఎలా ఉంది బాబాయ్?" అన్నాడు ఓదిల్ మురిసిపోతూ.

"బాగానే ఉందిరా. కొంచెం గొంతు తక్కువైతే మనిషిలా ఉండేది" అన్నాడు మమాసోలి.

ఓదిల్ నవ్వేసి ఊరుకున్నాడు.

ఆ వసంతంలోనే పట్టు నేసే రహ్మన్‌కుల్ మనవరాలు నిగీనాకి నమంగాన్ నుంచి సంబంధం వచ్చింది. పిల్ల నర్సు చదువుతోంది. పిల్లాడూ పిల్లా ముందే ఒకళ్ళనొకళ్ళు ఇష్టపడ్డారు, ఇక పెద్దవాళ్ళ మాటే మిగిలింది. వాళ్ళొచ్చిన రోజు ఆడవాళ్ళు ఇంట్లో కూర్చున్నారు, మగవాళ్ళని రహ్మన్‌కుల్ చాయ్‌ఖానాకి తీసుకొచ్చాడు. ఇక్కడ మాటలైపోతే ఇంటికెళ్ళి రొట్టె విరవాలి. రొట్టె విరిచాక ఇక ఆ మాటకి తిరుగులేదు.

"మమాసోలీ, ఇవాళ నువ్వే దగ్గరుండి పొయ్యాలి" అని ముందు రోజే చెప్పి వెళ్ళాడు రహ్మన్‌కుల్. "నమంగాన్ వాళ్ళు కొంచెం బిగుసు మనుషులట. నీ చేతి టీ పడితే మెత్తబడతారు."

"మెత్తబడకేం చేస్తారన్నా, చూస్తూ ఉండు" అన్నాడు మమాసోలి.

పిల్లాడి తరఫున పెద్ద, పెదనాన్న ఇసోక్. నమంగాన్ బజారులో ఊయలలు చేసే పనివాడు. మాట తక్కువ, పౌరుషం ఎక్కువ. మొదట్లో అంతా సవ్యంగానే సాగింది. మమాసోలి పోశాడు, వాళ్ళు తాగారు, మళ్ళీ పోశాడు. అప్పుడు ఇసోక్ అడిగాడు: "పెళ్ళయ్యాక పిల్ల చదువు మానేసి మా ఊరొచ్చేస్తుందిగా?"

"దాని గురించి కొంచెం ఆలోచించుకోవాలి మరి" అన్నాడు రహ్మన్‌కుల్ నెమ్మదిగా.

సరిగ్గా అప్పుడే మమాసోలి ఇసోక్ పియాలా అందుకుని వంగాడు. సరిగ్గా అప్పుడే ఓదిల్ టీవీ పెట్టాడు. ఆట మొదలైంది, ఒక్కసారిగా అరుపులు, ఈలలు. మమాసోలికి టీ చప్పుడు వినబడలేదు. ఇంకా బొంగురుగానే ఉందేమో అనుకున్నాడు. ఇంకొంచెం పోశాడు, ఇంకొంచెం. అలవాటుగా పియాలా కుడిచేత్తో పట్టుకుని, ఎడమచెయ్యి గుండెకి ఆనించి అందించాడు.

పియాలా అంచుదాకా నిండి ఉంది.

ఇసోక్ దాన్ని కింద పెట్టాడు. చాలాసేపు దానికేసే చూశాడు. తర్వాత రహ్మన్‌కుల్ కేసి తిరిగాడు.

"అర్థమైంది పెద్దాయనా. నోటితో చెప్పడానికి మొహమాటమై టీతో చెప్పించావు."

"ఏమిటి బాబూ నువ్వనేది?"

"ఏం లేదు, మాకు పొద్దుపోతోంది. లేవండ్రా!" అని తనవాళ్ళని లేపాడు. జేబులోంచి పెద్ద నోటు తీసి, మడత కూడా పెట్టకుండా, అందరూ చూస్తుండగా మమాసోలి ముందు పరిచాడు. "ఇదిగోవయ్యా, చెప్పిన పని చక్కగా చేశావు. తీసుకో."

వాళ్ళు వెళ్ళిపోయారు. ఏం జరిగిందో మమాసోలికి అప్పటికీ తెలియలేదు. వంగి ఆ పియాలా తీయబోతే వేలు వేడి టీలో మునిగింది. అప్పుడు తెలిసింది.

"నువ్వేనా మమాసోలీ?" అన్నాడు రహ్మన్‌కుల్. ఆయన గొంతులో కోపం లేదు, ఏడుపుంది. "ఇన్నేళ్ళ స్నేహం మనది. నువ్వేనా ఇలా చేసింది?"

"చెయ్యి జారిందన్నా" అని మాత్రం అనగలిగాడు మమాసోలి.

చెయ్యి జారితే టీ ఒలుకుతుంది గాని అంచుదాకా చక్కగా నిండదు. రహ్మన్‌కుల్‌కి ఆ సంగతి తెలుసు. లేచి వెళ్ళిపోయాడు.

మర్నాటి కల్లా ఊరంతా పాకింది. గఫూర్ ఉండగా పాకక చస్తుందా? మమాసోలికి పాత కక్ష ఏదో ఉందన్నారు కొందరు. నమంగాన్ వాళ్ళ శత్రువులు డబ్బిచ్చి చేయించారన్నారు కొందరు. మమాసోలి చాయ్‌ఖానాకి వెళ్ళకుండా తల నొప్పని ఇంట్లో పడుకున్నాడు. మధ్యాహ్నం ఓయ్‌నిసా రహ్మన్‌కుల్ ఇంటికి వెళ్ళొచ్చి, తలగుడ్డ విప్పుతూనే మొదలుపెట్టింది.

"పిల్ల ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉంది. అయినా ఏమందో తెలుసా? 'మమాసోలి తాత కావాలని చెయ్యడు నానమ్మా, ఏదో అయ్యుంటుంది' అంది. ఇంట్లో అంతమంది నిన్ను తిడుతుంటే అదొక్కతే నీ వైపు మాట్లాడింది. నాకు తలెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు."

"నన్నేం చెయ్యమంటావే?"

"ఉన్నమాట చెప్పమంటాను."

"చెబితే కూజా లాక్కుంటారు."

"లాక్కోనీ! కూజా ఏమన్నా నీ కడుపున పుట్టిందా? ఒక పిల్ల కాపురం నీ గొంతులో అడ్డంపడి ఉంది. మింగేస్తావా, బయటికి తీస్తావా?"

మమాసోలి గోడకేసి తిరిగి పడుకున్నాడు. ఓయ్‌నిసా ఊరుకునే మనిషి కాదు. గోడకీ మంచానికీ మధ్యలోకి వచ్చి కూర్చుంది. ఆయన చెయ్యి తీసుకుని, కాలిన వేలికి వెన్న రాస్తూ, ఈసారి మెల్లగా అంది: "నీకు చూపు లేదని తెలిస్తే జాలిపడతారని నీ భయం. ద్రోహివి అనుకోవడం కంటే జాలి పడటం నయం కాదా? నేనుంటాగా నీకు."

ఆ మాటకి ఆయనకి కళ్ళనీళ్ళు ఆగలేదు.

మరుసటి పొద్దున ఇద్దరూ షేర్ టాక్సీ ఎక్కి నమంగాన్ వెళ్ళారు. దారంతా ఓయ్‌నిసా డ్రైవర్‌తో ఆప్రికాట్ల ధర గురించి తగువాడుతూనే ఉంది. అమ్మేది లేదు, కొనేది లేదు, అయినా తగువు. ఆయన్ని ఆలోచించనివ్వకుండా చెయ్యడానికే అదంతా అని మమాసోలికి తెలుసు.

ఊయలల వీధిలో ఇసోక్ దుకాణం కనుక్కోవడం కష్టం కాలేదు. చాయ్‌ఖానా మనిషిని గుమ్మంలో చూడగానే ఇసోక్ ఉలి పక్కన పెట్టాడు.

"ఏం, ఇంకా చెప్పాల్సింది మిగిలిపోయిందా?"

"మిగిలిపోయింది తమ్ముడూ. కూర్చోమంటే కూర్చుని చెబుతాను."

ఎంత కోపమున్నా గుమ్మంలోకి వచ్చినవాణ్ణి నిలబెట్టి మాట్లాడే అలవాటు ఆ వైపు లేదు. ఇసోక్ పీటలు చూపించాడు. వాళ్ళ మొహం చూడకుండానే టీ పోశాడు. "పట్టు" అని మమాసోలికి పియాలా చాచాడు.

మమాసోలి చెయ్యి చాచాడు. ఆ చెయ్యి పియాలాకి పక్కగా, ఖాళీలోకి వెళ్ళి, అక్కడే తడుముకుంటూ ఆగింది. ఓయ్‌నిసా ఆ చెయ్యి పట్టుకుని పియాలా దగ్గరికి చేర్చింది.

ఇసోక్ అప్పుడు మొదటిసారి ఆయన మొహంలోకి చూశాడు.

"ఎన్నాళ్ళయింది?" అన్నాడు.

"రెండేళ్ళు."

"మరి ఎలా పోస్తున్నావన్నా?"

"చెవులతో. మొన్న ఆ టీవీ నా చెవులు కూడా పట్టుకుపోయింది." మమాసోలి జేబులోంచి మొన్న ఇసోక్ పరిచిపోయిన నోటు తీసి, మడిచి, ఎదురుగా ఉన్న పళ్ళెం అంచు వెతుక్కుని దాని కిందికి నెట్టాడు. "ఇది నాది కాదు తమ్ముడూ. దీనికి నేనే పనీ చెయ్యలేదు. రహ్మన్‌కుల్ పెద్దమనిషి. పిల్ల బంగారం. ఆలోచించుకోవాలి అన్నాడంటే నిజంగా ఆలోచించుకోవాలనే అన్నాడు, అంతకంటే ఏం లేదు. తప్పంతా ఈ కళ్ళది."

"ఈ సంగతి మీ యజమానికి తెలుసా?"

"నీకే మొదట చెప్పాను. వెళ్ళగానే అతనికీ చెబుతాను."

"చెబితే పని పోతుందిగా?"

"పోతుంది" అన్నాడు మమాసోలి. మిగిలిన టీ తాగేశాడు.

ఇసోక్ కళ్ళు తుడుచుకుని ఓయ్‌నిసా వైపు తిరిగాడు. "వదినా, నేను నోరు పారేసుకున్నాను. మీ ఆయన ముందు నోటు పరిచి అన్నమాట తల్చుకుంటే నా చెయ్యి నేనే నరుక్కోవాలనిపిస్తోంది."

"నరుక్కోకు బాబూ, ఊయలలు ఎవరు చేస్తారు? నిగీనాకి ముందు ముందు ఒకటి కావద్దూ?" అంది ఓయ్‌నిసా.

మమాసోలి ఆ సాయంత్రమే ఓదిల్‌కి చెప్పేశాడు. ఓదిల్ మంచివాడే, కాని భయస్తుడు. "ఎవరి మీదన్నా పడితే బాబాయ్? పసిపిల్లల మీద పడితే? నా వల్ల కాదు, నన్ను క్షమించు. నువ్విక్కడే కూర్చో, నీ భోజనం, నీ టీ నావి. కూజా మాత్రం వద్దు" అన్నాడు. ఆ మాట అంటూ తనే ఏడ్చాడు. మమాసోలి నడుముకి కట్టుకున్న గుడ్డ విప్పి, మడిచి అతని చేతిలో పెట్టాడు. రెండు రోజులు టీ నీళ్ళు కాగే సమోవార్ పక్కన మూలన కూర్చున్నాడు. వచ్చినవాళ్ళు పలకరించేవాళ్ళు, మరీ మెల్లగా, రోగితో మాట్లాడినట్టు. ఆ మెల్లదనమే ఆయన్ని కోసేసింది.

శుక్రవారం నమాజు అయ్యాక చాయ్‌ఖానా కిటకిటలాడుతోంది. టీవీలో ఆట. గఫూర్ ఏదో పాత పెళ్ళికొడుకు కథ అందుకుని ఊపు మీదున్నాడు. అప్పుడు రహ్మన్‌కుల్, వెనకే ఇసోక్, వాళ్ళ మనుషులు వచ్చారు. మమాసోలి కళ్ళ సంగతి ఇసోక్ ఫోన్‌లో రహ్మన్‌కుల్‌కి చెప్పేశాడు. పొద్దున మిగతాదీ ఫోన్‌లోనే మాట్లాడుకున్నారు: పిల్ల చదువు పూర్తయ్యాకే కాపురానికి వెళుతుంది. ఇంట్లో రొట్టె సిద్ధంగా ఉంది. కానీ ముందు ఇక్కడ టీ తాగాలని పట్టుబట్టింది ఇసోకే.

ఓదిల్ స్వయంగా కూజా తెచ్చాడు. ఇసోక్ తన పియాలా మీద అరచెయ్యి మూశాడు.

"మాకు మమాసోలి అన్న పొయ్యాలి."

ఓదిల్ వంగి చెవిలో చెప్పబోయాడు. "ఆయనకి చూపు—"

"తెలుసు. ఒలికితే నా చేతి మీదే పడుతుంది, పడనీ. నువ్వు ముందు ఆ టీవీ కట్టెయ్యి."

ఓదిల్ రహ్మన్‌కుల్ కేసి చూశాడు. రహ్మన్‌కుల్ తలూపాడు. టీవీ ఆగింది. కుర్రాళ్ళు గొడవ చెయ్యబోతే ఎవరో కసిరారు. మమాసోలిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది రహ్మన్‌కులే. కూజా తెచ్చి ఆయన చేతిలో పెట్టి, భుజం గట్టిగా నొక్కాడు.

మమాసోలి వంగాడు. చుట్టూ మంచాల మీద ఇంకా మాటలు, చెంచాల చప్పుడు, నవ్వులు. ఆయన కూజా వంచకుండా అలాగే ఆగిపోయాడు.

ముందు పక్క మంచం వాళ్ళకి అర్థమైంది. వాళ్ళు మాట ఆపారు. వాళ్ళని చూసి అవతలి మంచం వాళ్ళు ఆపారు. ఎవడో రొట్టె తుంచబోతూ తుంచకుండా పట్టుకున్నాడు. సమోవార్ దగ్గర పియాలాలు కడిగే ఆవిడ కొళాయి కట్టేసింది. చిట్టచివరికి గఫూర్, పెళ్ళికొడుకు సరిగ్గా గుర్రం మీంచి పడబోయే చోట, జనం నవ్వబోయే చోట, నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోయాడు. ఆయన జీవితంలో కథ మధ్యలో ఆగడం అదే మొదటిసారి. అంత పెద్ద చాయ్‌ఖానాలో కాలవ నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఆ నిశ్శబ్దం ఎవరి కోసమో మమాసోలికి అర్థమైంది. ఇన్నేళ్ళలో ఎవరూ ఆయనకి ఇంత ఇవ్వలేదు.

టీ సన్నని ధారగా, బొంగురుగా మోగుతూ పియాలాలో పడింది. ఆయన తల పక్కకి వంచి విన్నాడు. చెయ్యి ఎత్తేశాడు. సగానికి తక్కువ, రెండు గుక్కలు. ఇసోక్ రెండు చేతులతో అందుకుని తాగి, ఖాళీ పియాలా మళ్ళీ చాచాడు. మళ్ళీ పోశాడు. రహ్మన్‌కుల్‌కి పోశాడు. ఆ మంచం మీద ఉన్న ఒక్కొక్కరికీ పోశాడు. ఆఖరివాడిది అయ్యేదాకా ఎవరూ దగ్గనైనా దగ్గలేదు.

మమాసోలి నడుం నిటారుగా చేసి, చెంపల మీది తడి మోచేత్తో తుడుచుకున్నాడు. "అయిపోయింది, ఇక మాట్లాడుకోండయ్యా" అన్నాడు. "ఒరే గఫూర్, ఆ పెళ్ళికొడుకుని ఎంతసేపు గుర్రం మీద వేలాడదీస్తావు, కింద పడెయ్యి!"